మొబైల్ మ్యూజిక్ యాప్‌లో సొంత డ్రమ్ కిట్: రికార్డింగ్ నుంచి అవతలివాళ్ల ఫోన్‌లో మోగేదాకా

"కిట్ చేసి పంపాను. నా ఫోన్‌లో బ్రహ్మాండంగా మోగుతోంది, వాళ్ల ఫోన్‌లో మాత్రం ప్యాడ్లన్నీ ఖాళీగా వస్తున్నాయట." "నేను రికార్డ్ చేసిన కిక్ ఎప్పుడూ బీట్‌కి కాస్త వెనకే పడుతోంది, తప్పు యాప్‌దా, నా వేలిదా?" సొంతంగా డ్రమ్ కిట్ (తెరమీది గడుల్ని, అంటే ప్యాడ్లని, తాకితే మోగే డ్రమ్ శబ్దాల సెట్) చేయడం మొదలుపెట్టినవాళ్లు మళ్లీ మళ్లీ అడిగే ప్రశ్నలు ఈ రెండే. మొదటిదానికి జవాబు ప్యాకింగ్‌లో ఉంది, రెండోదానికి ట్రిమ్మింగ్‌లో, అంటే శబ్దం మొదలూ చివరా కత్తిరించడంలో, ఉంది. అందరూ ఐదు నిమిషాల్లో ముగించేసే పనులు కూడా సరిగ్గా ఈ రెండే. అందుకే ఇక్కడ వాటి దగ్గర ఎక్కువసేపు ఆగుతాను, మిగతావి త్వరగా చెప్పేస్తాను.

మీ ఫోన్‌లో మోగిందంటే కిట్ పని సగమే అయినట్టు. మీరు పక్కన లేకుండా, ఇంకొకరి ఫోన్‌లో, తెరవగానే మోగితే అప్పుడు పూర్తయినట్టు. ప్రతి స్టెప్‌లోనూ దీన్ని దృష్టిలో పెట్టుకోండి.

మొదలుపెట్టే ముందు యాప్ సంగతి తేల్చుకోండి

యాప్‌లన్నీ ఒకేలా ఉండవు. ఉదాహరణకి కోలా శాంప్లర్ అనే యాప్‌లో బ్యాంకుకి (ప్యాడ్ల గుంపుకి) 16 చొప్పున నాలుగు బ్యాంకులు, మొత్తం 64 ప్యాడ్లు ఉంటాయి. కొన్ని యాప్‌లలో ఒక్క 16 ప్యాడ్ల గ్రిడ్డే ఉంటుంది. ఇంకొన్నిటిలో రెడీమేడ్ కిట్లు తప్ప సొంత శబ్దం పెట్టే వీలే ఉండదు. కాబట్టి రికార్డింగ్‌కి దిగకముందే మీ యాప్‌లో మూడు విషయాలు చూసుకోండి.

బయటి నుంచి వేవ్ (WAV, కంప్రెస్ చేయని ఆడియో) ఫైళ్లను ఇంపోర్ట్ చేసుకోనిస్తుందా? కిట్‌ని పాట నుంచి విడదీసి, విడిగా సేవ్ చేసి ఎక్స్‌పోర్ట్ చేయనిస్తుందా? అలా ఎక్స్‌పోర్ట్ చేసిన ఫైల్లో అసలు శబ్దాలు కూడా ఉంటాయా, లేక అవి ఎక్కడున్నాయో చెప్పే చిరునామాలు మాత్రమే ఉంటాయా?

మూడోది మెనూ చూస్తే తెలియదు, పరీక్షించాల్సిందే. ఎలాగో 8వ స్టెప్‌లో చెప్తాను. మొదటిదానికి "లేదు" అని వస్తే ఆ యాప్ ఈ పనికి పనికిరాదు, వేరేది చూసుకోండి. రెండోదానికి "లేదు" అని వస్తే మాత్రం కంగారు పడక్కర్లేదు, 9వ స్టెప్‌లో దానికి ప్రత్యామ్నాయం ఉంది.

కావలసినవి

ఫోన్ లేదా ట్యాబ్, అందులో శాంప్లర్ (రికార్డ్ చేసిన శబ్దాన్ని ప్యాడ్ మీద పెట్టి వాయించే భాగం) ఉన్న మ్యూజిక్ యాప్.

వైరున్న హెడ్‌ఫోన్లు. బ్లూటూత్‌వి ఈ పనికి వద్దు. వాటిలో శబ్దం ఆలస్యంగా చెవికి చేరుతుంది. ఆ ఆలస్యం చాలాసార్లు 100 మిల్లీసెకన్లు దాటిపోతుంది. అప్పుడు శాంపిల్ (మీరు రికార్డ్ చేసిన శబ్దం) లేటా, హెడ్‌ఫోన్ లేటా అన్నది మీకు తెలియదు. ఒట్టి ఫోన్ స్పీకర్ కూడా చాలదు. అంత చిన్న స్పీకర్‌లో లో ఫ్రీక్వెన్సీలు సరిగా రావు కాబట్టి కిక్ ఎలా ఉందో దానిమీద తేల్చలేరు.

వేవ్ ఫార్మాట్‌లో రికార్డ్ చేసే యాప్. ఐఫోన్‌లో ఉన్న వాయిస్ మెమోస్ మామూలుగా కంప్రెస్ చేసి సేవ్ చేస్తుంది. దాని సెట్టింగ్స్‌లో ఆడియో క్వాలిటీని లాస్‌లెస్‌కి మార్చుకోవచ్చు, కానీ అదీ వేవ్ ఫైల్ కాదు, తర్వాత వేవ్‌గా మార్చుకోవాలి.

శబ్దం మొదలూ చివరా కత్తిరించడానికి ఒక ఎడిటర్. చాలా శాంప్లర్లలో ఇది లోపలే ఉంటుంది.

జిప్ చేయగల ఫైల్ మేనేజర్. ఐఫోన్‌లో ఫైల్స్ యాప్‌లో ఫోల్డర్ మీద వేలు నొక్కి ఉంచితే కంప్రెస్ అనే ఆప్షన్ కనిపిస్తుంది. ఆండ్రాయిడ్‌లో చాలా ఫోన్ల ఫైల్ మేనేజర్లలోనూ ఇది ఉంటుంది.

చివరిగా, పరీక్షకి ఇంకో ఫోన్. స్నేహితులదైనా పర్వాలేదు, పది నిమిషాలు చాలు.

1. కిట్‌లో ఏముండాలో ముందు కాగితం మీద రాసుకోండి

మొదటి కిట్‌కి ఎనిమిది నుంచి పన్నెండు శబ్దాలు చాలు. ప్యాడ్లు 16 ఉన్నాయి కదా అని అన్నీ నింపాలని లేదు. కిక్, స్నేర్, క్లోజ్డ్ హైహ్యాట్, ఓపెన్ హైహ్యాట్, క్లాప్, రెండు టామ్‌లు, ఒక క్రాష్, ఒకటో రెండో మీకే ప్రత్యేకమైన శబ్దాలు. ఆ చివరి ఒకటి రెండు శబ్దాలే మీ కిట్‌ని మీదిగా చేస్తాయి కాబట్టి వాటి మీద శ్రద్ధ పెట్టండి.

ఒక్కో శబ్దం పక్కన దాని మిడి (యాప్‌లు, వాద్యాలు నోట్లను నంబర్లుగా పంపుకునే పద్ధతి) నోట్ నంబర్ కూడా రాసుకోండి. 1991లో వచ్చిన జనరల్ మిడి ప్రమాణం డ్రమ్స్‌కి నంబర్లు ఖాయం చేసింది: కిక్ 36, సైడ్ స్టిక్ 37, స్నేర్ 38, క్లాప్ 39, క్లోజ్డ్ హైహ్యాట్ 42, లో టామ్ 45, ఓపెన్ హైహ్యాట్ 46, క్రాష్ 49, హై టామ్ 50, రైడ్ 51. మీరు ఈ నంబర్లే పాటిస్తే, మీ కిట్ తీసుకున్నవాళ్లు తమ దగ్గరున్న ఏ మిడి బీట్ అయినా దానిమీద వాయించుకోవచ్చు. పాటించకపోతే కిక్ పడాల్సిన చోట వాళ్లకి హైహ్యాట్ చప్పుడు వినిపించవచ్చు.

జాగ్రత్త: నోట్ పేర్లు నమ్మకండి, నంబర్లే చూడండి. ఒకే 36వ నోట్‌ని కొన్ని యాప్‌లు సి1 అంటాయి, కొన్ని సి2 అంటాయి. "కిక్ సి1లో ఉంది" అని చెప్తే అవతలివాళ్లు ఒక ఆక్టేవ్ దూరంలో వెతుక్కుంటూ ఉంటారు.

2. రికార్డ్ చేయండి

అట్టపెట్టె మీద పిడికిలితో కొడితే కిక్, బల్ల మీద పుస్తకం పడేస్తే స్నేర్, తాళాల గుత్తి ఒక్కసారి విదిలిస్తే హైహ్యాట్. ఇలాంటివే ఫోన్ మైక్‌కి బాగా కుదురుతాయి. నిజమైన డ్రమ్స్ అందుబాటులో ఉంటే సంతోషమే, కాకపోతే వాటి చప్పుడు ఫోన్ మైక్‌కి మరీ ఎక్కువ. దగ్గర పెట్టి రికార్డ్ చేస్తే శబ్దం పగిలిపోతుంది.

ఫోన్‌ని మడతపెట్టిన బట్ట మీద ఉంచండి. బల్ల మీదే పెడితే బల్ల అదురు కూడా రికార్డ్ అవుతుంది. ఫ్యాన్, ఏసీ ఆపేయండి, ఫోన్‌ని ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టండి. దూరం ఒక అడుగుతో మొదలుపెట్టి, లెవెల్ మీటర్ చూస్తూ సర్దుకోండి. ఎంత గట్టిగా కొట్టినా మీటర్ మైనస్ 6 డెసిబెల్స్ దగ్గర ఆగితే మంచిది. ఒక్కసారి ఎర్రగీత తాకి పగిలిన శబ్దాన్ని తర్వాత ఏ ఎడిటరూ పూర్తిగా బాగుచేయలేదు.

ఒక్కో శబ్దాన్ని మెల్లగా, మధ్యస్థంగా, గట్టిగా కొట్టి నాలుగైదేసి సార్లు తీసుకోండి. రెండు దెబ్బల మధ్య శబ్దం పూర్తిగా ఆరిపోయేదాకా ఆగండి. ఈ ఓపిక లేకపోతే తోక తెగిన శబ్దాలే మిగులుతాయి.

ఎక్కువమంది చేసే పొరపాటు ఇక్కడ ఒకటుంది. చాలా రికార్డింగ్ యాప్‌లు మాట స్పష్టంగా వినపడాలని ఆటోమేటిక్ గెయిన్, నాయిస్ తగ్గింపు ఆన్‌లో పెట్టి ఉంచుతాయి. మాటకి అది మంచిదే, డ్రమ్‌కి మాత్రం ప్రాణం తీస్తుంది. దెబ్బ మొదట్లో ఉండే ఊపు నలిగిపోయి, తోక దగ్గర శబ్దం పైకి ఎగదన్నినట్టు వస్తుంది. సెట్టింగ్స్‌లో రెండూ ఆఫ్ చేయండి. ఆఫ్ అయ్యాయో లేదో తేల్చుకోవడానికి ఒకసారి మెల్లగా, వెంటనే ఒకసారి గట్టిగా కొట్టి రికార్డ్ చేసి వినండి. రెండూ దాదాపు ఒకే స్థాయిలో వినిపిస్తే గెయిన్ ఇంకా పనిచేస్తోందన్నమాట. వేరే రికార్డర్ వాడండి.

3. ట్రిమ్ చేయండి

కిట్ బాగుంటుందా లేదా అన్నది ఇక్కడే తేలుతుంది. తొందరపడకండి.

ఒక లెక్క చూడండి. టెంపో 120లో, అంటే నిమిషానికి 120 బీట్లలో, ఒక బీట్ అర సెకను. దానిలో నాలుగో వంతు, అంటే ఒక పదహారో నోట్, 125 మిల్లీసెకన్లు. మీ కిక్ ఫైల్ మొదట్లో 25 మిల్లీసెకన్ల నిశ్శబ్దం మిగిలిపోయిందనుకోండి, ప్రతి కిక్కూ ఆ పదహారో నోట్‌లో ఐదో వంతు వెనకపడుతుంది. చెవి దీన్ని ఆలస్యంగా గుర్తించకపోవచ్చు, "బీట్ ఎందుకో బిగువుగా లేదు" అని మాత్రం అనిపిస్తుంది. ఇక క్వాంటైజ్ (నోట్లను బీట్ గ్రిడ్ మీదికి లాగే ఆప్షన్) ఎన్నిసార్లు కొట్టినా లాభం లేదు. నోట్ గ్రిడ్ మీదే ఉంటుంది, శబ్దమే వెనక ఉంటుంది.

ఎలా చేయాలంటే: వేవ్‌ఫామ్‌ని బాగా జూమ్ చేయండి. మామూలు జూమ్‌లో గోడలా నిటారుగా కనిపించే దెబ్బ, పూర్తిగా జూమ్ చేశాక దాని ముందు చిన్నచిన్న అలలు చూపిస్తుంది. అసలు అల పైకి లేవడం మొదలైన చోటు వెతికి, దానికి సరిగ్గా ముందు, గీత సున్నాని దాటే దగ్గర కోయండి. గీత సున్నా దగ్గర లేనిచోట కోస్తే టిక్ అని వినిపిస్తుంది. మరీ లోపలికి వెళ్లి కోస్తే దెబ్బలో పదును పోయి కిక్ మెత్తబడుతుంది. అనుమానంగా ఉంటే ఒకటి రెండు మిల్లీసెకన్లు ముందే కోయండి, అంత తేడాని ఎవరూ పట్టలేరు.

చివర కోసేటప్పుడు శబ్దం గది చప్పుడులో కలిసిపోయేదాకా ఆగి, ఆఖరి 5 నుంచి 10 మిల్లీసెకన్లకి ఫేడ్ అవుట్ ఇవ్వండి. క్రాష్‌కి, ఓపెన్ హైహ్యాట్‌కి ఇంకా పొడవైన ఫేడ్ కావాలి.

జాగ్రత్త: ట్రిమ్ చేసిన శాంపిల్‌ని ఎంపీ3గా సేవ్ చేయకండి. ఎంపీ3 ఎన్‌కోడింగ్ పద్ధతే ఫైల్ మొదట్లో కొంత ఖాళీని చేరుస్తుంది. అది చాలాసార్లు 25 మిల్లీసెకన్ల దాకా ఉంటుంది. మీరు అరగంట కూర్చుని తీసేసిన నిశ్శబ్దం ఒక్క సేవ్‌తో తిరిగి వచ్చేస్తుంది. "సరిగ్గానే కట్ చేశాను, అయినా లేటే" అనేవాళ్లలో చాలామంది సంగతి ఇదే.

4. లెవెల్స్ సర్దండి

ఇంపోర్ట్ చేసే ముందు అన్నిటినీ నార్మలైజ్ చేసి ఒకే ఎత్తుకి తేవాలని చాలామందికి అలవాటు. అలా చేస్తే హైహ్యాట్, కిక్‌తో సమానంగా చెవులు కోస్తుంది. పీక్ మైనస్ 1 డెసిబెల్ దాటకుండా చూసుకుంటే చాలు, అసలు బ్యాలెన్స్ ప్యాడ్ వాల్యూమ్‌తో చేయండి. ముందు కిక్ పెట్టండి, దానికి తగ్గట్టు స్నేర్, ఆ రెండిటి కింద హైహ్యాట్.

కిక్, స్నేర్ మోనోలో ఉంచండి. ఫోన్ మైక్‌తో తీసిన చాలా శబ్దాలకి స్టీరియో వల్ల ఒరిగేదేమీ లేదు, ఫైల్ సైజు మాత్రం రెట్టింపవుతుంది.

5. ఫార్మాట్, పేర్లు

వేవ్, 44.1 కిలోహెర్ట్జ్, 16 లేదా 24 బిట్. ఏదో ఒకటి ఎంచుకుని కిట్ మొత్తానికి అదే వాడండి. 24 బిట్ మోనోలో ఒక సెకను శబ్దం దాదాపు 132 కిలోబైట్లు. ఒక్కో శబ్దం సగటున ఒక సెకను అనుకుంటే పన్నెండు శబ్దాల కిట్ మొత్తం రెండు మెగాబైట్లు కూడా దాటదు, కాబట్టి సైజు గురించి టెన్షన్ వద్దు.

కొన్ని ఫోన్ రికార్డర్లు 48 కిలోహెర్ట్జ్‌లో సేవ్ చేస్తాయి. మంచి యాప్‌లు దాన్ని వాటంతటవే మార్చుకుంటాయి. మార్చుకోని యాప్‌లో 48 ఫైల్‌ని 44.1గా వాయిస్తే శబ్దం దాదాపు ఒకటిన్నర సెమిటోన్ కిందికి దిగి, కాస్త సాగుతుంది. "రికార్డ్ చేసినప్పుడు ఇలా లేదే" అనిపిస్తే ముందు ఇదే చూడండి.

పేర్లు ఇంగ్లిష్ అక్షరాల్లో, అన్నీ చిన్నక్షరాల్లో, ఖాళీ బదులు అండర్‌స్కోర్‌తో పెట్టండి. ముందు నోట్ నంబర్, తర్వాత వాద్యం, తర్వాత రకం: 36_kick_soft, 38_snare_hard, ఇలా. తెలుగులో పేర్లు పెట్టుకోవాలని మనకి ఉంటుంది, నాకూ ఉంటుంది. కానీ జిప్ చేసి వేరే సిస్టమ్‌లో విప్పినప్పుడు ఆ అక్షరాలు కొన్నిసార్లు చిందరవందర అవుతాయి. పేరు మారితే యాప్‌కి ఫైల్ దొరకదు. తెలుగు పేరు కిట్‌కి పెట్టుకోండి, లోపలి ఫైళ్లకి వద్దు. పెద్దక్షరం, చిన్నక్షరం తేడాని కూడా కొన్ని సిస్టమ్స్ వేర్వేరు పేర్లుగా చూస్తాయి, అందుకే అన్నీ చిన్నవే.

ఇంకో మాట. వాయిస్ మెమోస్ లాంటి యాప్‌లు మీరున్న చోటు పేరునే రికార్డింగ్‌కి పేరుగా పెట్టగలవు. పేరు మార్చకుండా పంపితే మీ వీధి పేరు కూడా కిట్‌తోపాటు వెళ్లిపోతుంది.

6. ప్యాడ్ల మీద పెట్టండి

కొత్త శాంప్లర్ ట్రాక్ తెరిచి ఒక్కో ప్యాడ్‌కి ఒక్కో ఫైల్ ఇంపోర్ట్ చేయండి. నాలుగు వరసల్లో నాలుగేసి ప్యాడ్ల అమరిక 1988లో వచ్చిన అకాయ్ ఎంపీసీ60 నాటిది. అప్పటి నుంచీ చాలామంది చేతికి కిక్ కింది వరసలో, ఎడమవైపు ఉండటం అలవాటు. మీ సొంత శబ్దాలు పై వరసల్లో పెట్టండి.

తర్వాత ప్రతి ప్యాడ్‌కీ ఇవి సరిచూడండి.

వన్ షాట్ మోడ్ ఆన్‌లో ఉండాలి. అది లేకపోతే వేలు తీయగానే శబ్దం ఆగిపోతుంది. "కిక్ మధ్యలో తెగిపోతోంది" అన్న ఫిర్యాదుకి దాదాపు ఎప్పుడూ ఇదే కారణం.

టెంపోని బట్టి సాగదీసే ఆప్షన్, అంటే టైమ్ స్ట్రెచ్, ఆఫ్‌లో ఉండాలి. లూప్‌లకి అది కావాలి, ఒక్క దెబ్బకి వద్దు. ఆన్‌లో ఉంటే పాట టెంపో మార్చినప్పుడల్లా స్నేర్ రూపం మారిపోతుంది.

ఓపెన్, క్లోజ్డ్ హైహ్యాట్లు రెండూ ఒకే చోక్ గ్రూప్‌లో ఉండాలి. కొన్ని యాప్‌లు దీన్ని మ్యూట్ గ్రూప్ అంటాయి. క్లోజ్డ్ కొట్టగానే ఓపెన్ ఆగిపోవాలి, నిజం హైహ్యాట్ అలాగే ప్రవర్తిస్తుంది. ఈ ఒక్క సెట్టింగ్‌తో కిట్‌కి వచ్చే జీవం చూస్తే ఆశ్చర్యపోతారు. చోక్ గ్రూప్ లేని యాప్ అయితే ఓపెన్ హైహ్యాట్‌ని పొట్టిగా కోసి ఫేడ్ ఇవ్వండి.

వెలాసిటీ (ఎంత గట్టిగా కొట్టారో చెప్పే అంకె) లేయర్లు పెట్టే వీలుంటే, మెల్లగా కొట్టినవి, గట్టిగా కొట్టినవి విడివిడిగా అమర్చండి. మిడి వెలాసిటీ 1 నుంచి 127 దాకా ఉంటుంది. 1 నుంచి 80 దాకా మెత్తనిది, ఆపైన గట్టిది అనుకుని మొదలుపెట్టి, చెవికి తగ్గట్టు మార్చుకోండి. చాలా ఫోన్ స్క్రీన్లు వేలి బలాన్ని కొలవలేవు. కొన్ని యాప్‌లు ప్యాడ్ మీద ఎక్కడ తాకారన్నదాన్ని బట్టి వెలాసిటీ ఇస్తాయి. లేయర్లు లేని యాప్‌లో మెత్తని స్నేర్‌ని పక్క ప్యాడ్ మీద పెట్టేయండి, అంతే.

7. పంపే ముందు మీ ఫోన్‌లోనే పరీక్షించండి

టైమింగ్ పరీక్ష: వేలితో వాయించకండి. సీక్వెన్సర్‌లో నాలుగు బీట్ల మీద నాలుగు కిక్‌లు గీయండి, మెట్రోనోమ్ ఆన్ చేయండి. వైరున్న హెడ్‌ఫోన్‌లో వినండి. కిక్, క్లిక్ రెండూ ఒకే దెబ్బగా వినిపించాలి. "టిక్‌డుబ్" అని రెండుగా విడిపోతే శాంపిల్ మొదట్లో ఖాళీ ఉందన్నమాట, 3వ స్టెప్‌కి వెళ్లండి. ఇక్కడ బాగానే ఉండి, వేలితో వాయించినప్పుడే లేటు అనిపిస్తే శాంపిల్‌లో తప్పేమీ లేదు. అది ఫోన్ ఆలస్యం. యాప్ సెట్టింగ్స్‌లో బఫర్ సైజు (వినిపించే ముందు యాప్ పోగుచేసుకునే శబ్దం పరిమాణం) తగ్గించి చూడండి. ఇలా ప్రతి ప్యాడ్‌కీ చేయాలి, కిక్ ఒక్కదానితో ఆపకండి.

టిక్ పరీక్ష: ప్రతి ప్యాడ్‌నీ ఒంటరిగా, వాల్యూమ్ పెంచి, చివరిదాకా వినండి. చివర్లో టిక్ వస్తే ఫేడ్ సరిపోలేదు.

మోనో పరీక్ష: ఐఫోన్‌లోనూ ఆండ్రాయిడ్‌లోనూ యాక్సెసిబిలిటీ సెట్టింగ్స్‌లో మోనో ఆడియో ఉంటుంది. అది ఆన్ చేసి వినండి. ఏదైనా శబ్దం ఒక్కసారిగా పలచబడితే దాని రెండు ఛానెళ్లూ ఒకదాన్నొకటి కొట్టేసుకుంటున్నాయి. ఆ ఫైల్‌లో ఒక్క ఛానెల్ మాత్రమే ఉంచి మోనో చేయండి.

ఇవయ్యాక ఆ కిట్‌తో ఒక ఎనిమిది బార్ల బీట్ నిజంగా చేయండి. విడివిడిగా బాగున్న శబ్దాలు కలిసి మోగినప్పుడు ఒకదాని మీద ఒకటి పడటం మామూలే. అది బీట్‌లోనే బయటపడుతుంది.

8. కిట్‌గా సేవ్ చేసి, ఖాళీ ప్యాడ్ పరీక్ష చేయండి

ప్రాజెక్ట్ సేవ్ చేయడం వేరు, కిట్ సేవ్ చేయడం వేరు. ప్రాజెక్ట్‌లో మీ పాట మొత్తం ఉంటుంది. కిట్, ప్రీసెట్, ఇన్‌స్ట్రుమెంట్, యాప్‌ని బట్టి ఏ పేరైనా సరే, శాంప్లర్ లోపల విడిగా సేవ్ అయ్యేదే మనకి కావాలి.

సేవ్ చేశాక ఇలా చేయండి. ఫైల్ మేనేజర్‌లో మీ అసలు వేవ్ ఫైళ్లున్న ఫోల్డర్ పేరు మార్చండి. యాప్‌ని వెనకాల నడవకుండా పూర్తిగా మూసేయండి. ఫోన్‌ని ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టి, యాప్ మళ్లీ తెరిచి, కిట్ లోడ్ చేయండి. అన్ని ప్యాడ్లూ మోగితే శబ్దాలు యాప్ తన దగ్గర కాపీ చేసుకుందన్నమాట; ఎక్స్‌పోర్ట్ చేసిన ఫైల్లోనూ అవి ఉన్నాయా అన్నది 11వ స్టెప్‌లో ఇంకో ఫోన్‌లో తెరిచినప్పుడే ఖాయమవుతుంది. ప్యాడ్లు ఖాళీగా వచ్చినా, ఫైల్ దొరకలేదని మెసేజ్ వచ్చినా, మీ కిట్ ఫైల్లో ఉన్నవి చిరునామాలే. ఆ ఒక్క ఫైల్ పంపితే అవతలివాళ్లకీ సరిగ్గా ఇలాగే కనిపిస్తుంది. మొదట్లో చెప్పిన ఖాళీ ప్యాడ్ల సమస్యకి మూలం ఇదే.

పరీక్ష అయ్యాక ఫోల్డర్ పేరు మళ్లీ యథాప్రకారం మార్చడం మరిచిపోకండి. యాప్ అన్‌ఇన్‌స్టాల్ చేస్తే దాని సొంత ఫోల్డర్‌లో ఉన్నవి కూడా సాధారణంగా పోతాయి కాబట్టి, అసలు వేవ్ ఫైళ్ల కాపీ ఒకటి క్లౌడ్‌లోనో కంప్యూటర్‌లోనో దాచండి.

9. ప్యాక్ చేయండి

ఒక ఫోల్డర్ చేసి దానికి కిట్ పేరు, వెర్షన్ నంబర్ పెట్టండి. అందులో మూడే ఉండాలి: యాప్ ఎక్స్‌పోర్ట్ చేసిన కిట్ ఫైల్, వేవ్ ఫైళ్లన్నీ ఉన్న ఒక లోపలి ఫోల్డర్, ఒక టెక్స్ట్ ఫైల్.

కిట్ ఫైల్లో శబ్దాలు ఉన్నా సరే, వేవ్ ఫోల్డర్ విడిగా పెట్టండి. మీ యాప్ వాడనివాళ్లు కూడా ఆ వేవ్ ఫైళ్లతో తమ యాప్‌లో పది నిమిషాల్లో కిట్ కట్టుకోగలరు. మీ యాప్‌లో కిట్ ఎక్స్‌పోర్ట్ లేకపోతే ప్రత్యామ్నాయం ఇదే: వేవ్ ఫైళ్లు, ఏ ప్యాడ్‌లో ఏముందో రాసిన టెక్స్ట్. పేర్లలో నోట్ నంబర్లు ముందే పెట్టారు కాబట్టి పని సగం అయిపోయినట్టే. ఇంకా ఓపిక ఉంటే ఎస్ఎఫ్‌జెడ్ ఫార్మాట్ నేర్చుకోండి. అది మామూలు టెక్స్ట్ ఫైలే, ఏ నోట్‌కి ఏ శాంపిల్ మోగాలో, ఏది దేన్ని చోక్ చేయాలో అందులో రాసి ఉంటుంది. దాన్ని చదివే శాంప్లర్లు చాలానే ఉన్నాయి.

టెక్స్ట్ ఫైల్లో రాయాల్సినవి: ఏ యాప్‌లో చేశారు, దాని వెర్షన్, ప్యాడ్ల పట్టిక, చోక్ గ్రూపులు, శబ్దాలు ఎక్కడివి, ఎవరైనా ఎలా వాడుకోవచ్చు.

10. ఆ శబ్దాలు పంచే హక్కు మీకుందా?

మీరే రికార్డ్ చేసినవైతే ఇబ్బంది లేదు. వెనకాల ఎవరి మాటలైనా పడ్డాయేమో మాత్రం ఒకసారి వినండి.

వేరేచోట తెచ్చుకున్నవైతే ఆగండి. కొనుక్కున్న శాంపిల్ ప్యాక్‌లలో చాలావరకు లైసెన్స్ ఇలా ఉంటుంది: మీ పాటలో వాడుకోవచ్చు, శాంపిల్స్‌ని విడిగా ఇంకొకరికి ఇవ్వకూడదు. రాయల్టీ ఫ్రీ అని రాసి ఉన్నా సరే, డ్రమ్ కిట్‌గా పంచడం అంటే విడిగా ఇవ్వడమే. యాప్‌తో వచ్చిన శబ్దాలకీ ఇదే వర్తించవచ్చు, లైసెన్స్ చదవండి. పిచ్ మార్చాను, రివర్బ్ వేశాను అన్నంత మాత్రాన అది మీదైపోదు. ఎవరి పాటలోంచో కోసిన స్నేర్ సంగతీ అంతే.

ఫ్రీసౌండ్ లాంటి చోట్ల శబ్దాలకి క్రియేటివ్ కామన్స్ లైసెన్సులు ఉంటాయి. సీసీ జీరో అయితే స్వేచ్ఛగా పంచవచ్చు. సీసీ బై అయితే చేసినవాళ్ల పేరు మీ టెక్స్ట్ ఫైల్లో రాయాలి. ఎన్‌సీ అని ఉంటే వ్యాపారానికి వాడకూడదు, ఆ షరతు మీ కిట్ తీసుకున్నవాళ్లకీ వర్తిస్తుంది, వాళ్లకి ఆ సంగతి చెప్పాలి. అన్నీ మీరు సొంతంగా చేసినవే అయితే, మీ కిట్‌కి ఏ లైసెన్స్ ఇస్తున్నారో మీరే ఒక వాక్యం రాయండి. అది రాయకపోతే మంచి మనసున్నవాళ్లు వాడటానికి జంకుతారు.

11. పంపండి, అవతల తెరిచి చూడండి

ఫోల్డర్‌ని జిప్ చేసి, జిప్‌నే పంపండి. విడి ఆడియో ఫైళ్లుగా చాట్‌లో పెడితే కొన్ని యాప్‌లు వాటిని మార్చేస్తాయి లేదా పేర్లు మార్చేస్తాయి. వాట్సాప్‌లో అయితే డాక్యుమెంట్‌గా అటాచ్ చేయండి. పక్కనే ఉన్నవాళ్లకి ఎయిర్‌డ్రాప్, క్విక్ షేర్ ఇంకా సులువు. క్లౌడ్ లింక్ ఇస్తే, లింక్ ఉన్న ఎవరైనా చూడొచ్చు అన్న అనుమతి పెట్టారో లేదో చూడండి. మీ అకౌంట్ నుంచి బయటికి వచ్చి ఆ లింక్ తెరిస్తే వెంటనే తెలుస్తుంది.

అవతలి ఫోన్‌లో జిప్‌ని ముందు విప్పాలి. చాలామంది జిప్ లోపలికి వెళ్లి కిట్ ఫైల్ మీద నొక్కుతారు, యాప్‌కి అది అందదు. ఈ ఒక్క మాట మీ టెక్స్ట్ ఫైల్లో మొదటి లైన్‌గా రాయండి. విప్పాక షేర్ లేదా ఓపెన్ ఇన్ ద్వారా యాప్‌లోకి పంపి, ప్రతి ప్యాడ్ కొట్టి, మెట్రోనోమ్ పరీక్ష అక్కడా ఒకసారి చేయండి.

అప్పటికీ తేడా వస్తే

కొన్ని ప్యాడ్లే ఖాళీగా వస్తే ఆ ఫైళ్ల పేర్లు చూడండి, ఎక్కడో ఖాళీనో పెద్దక్షరమో మిగిలి ఉంటుంది. కిట్ అసలు తెరుచుకోకపోతే వాళ్ల యాప్ వెర్షన్ మీకన్నా పాతదేమో అడగండి. కొత్త వెర్షన్ ఫైల్‌ని పాతది తెరవలేకపోవడం సాధారణం. శబ్దం వస్తోంది కానీ సన్నగా ఉందంటే వాళ్లు ఫోన్ స్పీకర్‌లో వింటున్నారేమో అడగండి. మిడి కీబోర్డ్‌కి స్పందించడం లేదంటే ఆక్టేవ్ తేడా, పైకో కిందికో 12 నోట్లు జరిపి చూడమనండి.

కిట్ బయటికి వెళ్లాక దాన్ని మెరుగుపరచాలనిపిస్తుంది, అది మంచిదే. కానీ అదే పేరుతో మార్చిన కిట్‌ని మళ్లీ పంచకండి. పాత కిట్‌తో పాట చేసుకున్నవాళ్లు కొత్తదాన్ని దాని మీద వేసుకుంటే వాళ్ల పాటలో స్నేర్ మారిపోతుంది. వెర్షన్ నంబర్ పెంచి, ఏ ప్యాడ్‌లో ఏం మారిందో టెక్స్ట్ ఫైల్లో ఒక లైన్ రాసి, పాత వెర్షన్ లింక్‌ని కూడా అలాగే ఉంచండి.